దసరా సెలవుల్లో ఆఫ్రికా సఫారీ: అమ్మ, పిల్లలతో వెళ్తున్నాం, ఈ ప్లాను చూసి చెప్పండి

బురుజు_కర్నూలు:
అందరికీ నమస్కారం. 2026 దసరా సెలవుల్లో ఆఫ్రికా వెళ్దామని ఇంట్లో ఖాయం చేసుకున్నాం. నేను, నా భార్య, పాప (11), బాబు (7), మా అమ్మ (64). తడోబా, కబిని చూశాం కాబట్టి అడవి మాకు కొత్త కాదు. చేతిలో తొమ్మిది, పది రోజులుంటాయి.

ఏజెంటు ఇచ్చిన ప్లాను ఇది: కెన్యాలో నైరోబీలో దిగగానే అంబోసెలి ఒక రాత్రి, నైవాషా ఒక రాత్రి, నకురు ఒక రాత్రి, మసాయి మారా రెండు రాత్రులు, అక్కడి నుంచి సరిహద్దు దాటి టాంజానియాలో సెరెంగెటి ఒక రాత్రి, గోరోంగోరో ఒక రాత్రి, అరూష నుంచి తిరుగు ప్రయాణం. బడ్జెట్టు కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటాం, అమ్మ మాత్రం అలసిపోకూడదు. ఈ ప్లాను కుదురుతుందా? దసరాకి విల్డబీస్ట్‌ల (ఆవులా కనిపించే పెద్ద జింకలు) వలస కనిపిస్తుందా? అమ్మకి ఎల్లో ఫీవర్ టీకా వేయించొచ్చా?

నైరోబీ_తెలుగు:
నమస్తే బురుజు గారూ. నేను ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను, మనవాళ్ళు ఎవరొచ్చినా ఈ ప్లాన్లు వేసిపెట్టేది నేనే. మీ ఏజెంటు ప్లాను కాగితం మీద బాగుంది, బండెక్కాక బాగుండదు. ఏడు రాత్రుల్లో ఆరు చోట్లు. నైరోబీ నుంచి అంబోసెలి నాలుగైదు గంటలు. అక్కడి నుంచి నైవాషా వెళ్ళాలంటే మళ్ళీ నైరోబీ ట్రాఫిక్‌లోంచే రావాలి, పొద్దంతా పోతుంది. నకురు నుంచి మారా ఐదారు గంటలు.

మారా, సెరెంగెటి మ్యాపులో ఆనుకునే ఉంటాయి, నిజానికి ఒకటే మైదానం. కానీ ఆ మధ్యలోంచి టూరిస్టులకు దారి లేదు. పడమర వైపు ఇసెబానియా దాకా వెళ్ళి అక్కడ సరిహద్దు దాటాలి. కెన్యా సఫారీ బండి టాంజానియా పార్కుల్లోకి పోదు, సామానంతా దింపి వేరే బండిలోకి మార్చుకోవాలి. ఆ రోజంతా ప్రయాణానికే సరి. అమ్మగారితో ఇది వద్దండీ.

ఒకే దేశం పెట్టుకోండి. చోట్లు తగ్గించి రాత్రులు పెంచండి. ఒకే చోట నాలుగు రోజులు తిరిగితే ఏ సింహాల గుంపు ఎటు జరిగిందో, ఏ చీతా పిల్లల్ని ఏ పొదలో పెట్టుకుందో గైడుకి లెక్క ఉంటుంది. మర్నాడు తెల్లారకముందే తిన్నగా అక్కడికి తీసుకెళ్తాడు. రోజుకో పార్కు మారితే రోజూ మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే.

పాలకొల్లు_పిల్లగాడు:
నైరోబీ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా బృందానికి ఇలాంటి ప్లానే అంటగట్టారు. నకురులో గేటు దాటేసరికి సాయంత్రం, పొద్దున్నే మళ్ళీ పెట్టెలు సర్దడం. మా నాన్న ఒక రోజంతా గదిలోనే పడుకుండిపోయారు.

లెన్సు_పిచ్చి:
వలస గురించి నేను చెప్తాను. పది లక్షలకు పైగా విల్డబీస్ట్‌లు, వాటితో లక్షల జీబ్రాలు ఏడాది పొడుగునా గడ్డి వెంట గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా సెరెంగెటి దక్షిణాన న్దుటు మైదానంలో ఈనుతాయి. జూన్‌లో గ్రుమెటి నది వైపు, జులై నుంచి అక్టోబరు దాకా మారా నది అటూ ఇటూ. నవంబరులో చిన్న వానలు మొదలవుతాయి, మందలు దక్షిణానికి మళ్ళుతాయి.

మీరు గమనించాల్సిందొకటుంది. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి విజయదశమి అక్టోబరు 20కి జరిగింది. అంటే మీరు వెళ్ళేసరికి మందలు తిరుగుముఖం పట్టే సమయం. మారాలో ఉంటే ఉండొచ్చు, వానలు తొందరపడితే సెరెంగెటి వైపు దాటిపోవచ్చు. నది దాటడం చూపిస్తామని ఎవరైనా గ్యారంటీ ఇస్తే వాళ్ళ దగ్గర బుక్ చేయకండి, ఆ గ్యారంటీ ఎవరి చేతిలోనూ లేదు.

ఆ దృశ్యం దొరికితే ఎలా ఉంటుందో చెప్తాను, పిల్లల్ని ముందే సిద్ధం చేయండి. ఒడ్డున వేలకు వేలు పోగవుతాయి. ముందున్నది అంచు దాకా వచ్చి నీళ్ళకేసి చూసి ఆగిపోతుంది. వెనకవి నెట్టుకొస్తాయి, దుమ్ము లేస్తుంది, గుర్రుగుర్రుమని ఒకటే రొద. ఎక్కడో ఒక జీబ్రా బెదురుతుంది, మొత్తం మంద వెనక్కి పరుగు. గంట తర్వాత మళ్ళీ వస్తాయి. ఇలా మధ్యాహ్నం దాకా సాగి, అసలు దాటకుండానే మేతకి వెళ్ళిపోవచ్చు. దాటడం మొదలైతే మాత్రం ఒకదాని మీద ఒకటి దూకేస్తాయి. మొసళ్ళు ఒకటీ అరా లాక్కుపోతాయి. బాబుకి ఏడేళ్ళే కదా, మీరు ముందు చెప్పి ఉంచితే మంచిది.

వలస లేకపోయినా మారా ఖాళీగా ఉండదు. సింహాలు, చీతాలు, చిరుతలు, ఏనుగులు, జిరాఫీలు, దుమ్ములగొండులు ఏడాదంతా అక్కడే ఉంటాయి.

విశాఖ_డాక్టరమ్మ:
టీకా సంగతి. కెన్యా నుంచి ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ కార్డు చూపించాలి. అక్కడ రోగం వస్తుందా రాదా అన్నది వేరే మాట, మన దేశంలో ఈ వైరస్ లేదు, దాన్ని మోసే దోమ మాత్రం ఉంది, అందుకే ఈ కట్టడి. కార్డు లేకపోతే విమానాశ్రయం నుంచే క్వారంటైన్, ఆరు రోజుల దాకా ఉంచొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు, 2016 నుంచి ఇదే నియమం. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మీకు దగ్గరలో హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. ఏ రోజుల్లో వేస్తారో ఫోన్ చేసి కనుక్కుని, పాస్‌పోర్టులు పట్టుకుని వెళ్ళండి.

అమ్మగారి విషయంలో మాత్రం ఆగి ఆలోచించండి. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. 60 దాటినవాళ్ళకి మొదటిసారి వేస్తే అరుదుగా తీవ్రమైన రియాక్షన్లు వస్తాయి, ఆ ముప్పు చిన్నవయసు వాళ్ళకంటే ఎక్కువ. చాలామంది పెద్దలకి ఏ ఇబ్బందీ రాదు, నిజమే. కానీ ఆమె వాడే మందులు, రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బులు, థైమస్ గ్రంథి సమస్యలు, గుడ్డు పడకపోవడం ఇవన్నీ చూసి ఫిజీషియన్ సరేనన్నాకే వేయించాలి. టికెట్లు కొనకముందే ఈ పని చేయండి. టీకా వద్దంటే ప్రయాణమే మార్చుకోవాలి కదా.

మలేరియా మాత్రలు కూడా అడగండి. డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వరు కాబట్టి బాబుకి కుదరదు. అటొవాక్వోన్-ప్రోగ్వానిల్ బరువును బట్టి పిల్లలకీ ఇస్తారు, ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక ఏడు రోజులు వేసుకోవాలి. చాలామంది ఇంటికి రాగానే మానేస్తారు, అది ప్రమాదం. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, దోమల క్రీము తప్పవు.

బురుజు_కర్నూలు:
డాక్టరమ్మ గారూ, చాలా థాంక్సండీ. అమ్మకి బీపీ మాత్రలు తప్ప వేరే ఏమీ లేవు. ఈ వారమే మా డాక్టరుకి చూపిస్తాం.

నైరోబీ గారూ, మారాలో టికెట్టు రోజుకి 200 డాలర్లట, నిజమేనా?

నైరోబీ_తెలుగు:
నిజమే. 2024 నుంచి మారా రిజర్వులో విదేశీయులకి జనవరి నుంచి జూన్ దాకా 100, జులై నుంచి డిసెంబరు దాకా 200. తొమ్మిది నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి 50, అంతకంటే చిన్నవాళ్ళకి లేదు. మీ ఇంటి లెక్క: పెద్దవాళ్ళు ముగ్గురికి 600, పాపకి 50, మొత్తం రోజుకి 650.

టికెట్టు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, పన్నెండు గంటలకే. దీన్ని బట్టే ప్లాను వేసుకోవాలి. మీ లాడ్జి గేటు బయట ఉంటే, మొదటి రోజు మూడింటికి చేరుకుని రెండు మూడు గంటల కోసం 650 కట్టకండి. ఆ సాయంత్రం అమ్మగారు నడుం వాల్చనివ్వండి, మర్నాడు ఆరింటికి గేటు దగ్గరుండండి. లాడ్జి రిజర్వు లోపలుంటే, వెళ్ళిపోయే రోజు పదింటికల్లా గేటు దాటేయాలి, లేటైతే ఇంకో రోజు టికెట్టు. కొటేషన్ తీసుకునేటప్పుడు 'పార్కు ఫీజు కలిపేనా, ఎన్ని రోజులకి' అని రాతపూర్వకంగా అడగండి. చవగ్గా కనిపించే ప్యాకేజీలన్నీ ఇక్కడే తేలిపోతాయి.

అరూష_దారి:
నేను టాంజానియా వైపు మాట్లాడతాను, డబ్బు లెక్కలో కూడా. సెరెంగెటి టికెట్టు పన్నుతో కలిపి 82.60 డాలర్లు, ఇరవై నాలుగు గంటలకి. ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి 23.60. గోరోంగోరో మనిషికి 70.80, లోయలోకి దిగడానికి బండికి 295 వేరే. దూరాలు ఎక్కువ కాబట్టి బండి ఖర్చు పెరుగుతుంది, అయినా అక్టోబరులో తరాంగిరే చూడాలండీ. ఎండాకాలం చివర అన్నిచోట్లా నీళ్ళు ఇంకిపోయి ఏనుగులన్నీ ఆ ఒక్క నది దగ్గరికే చేరతాయి. బావోబాబ్ చెట్ల కింద గున్నలతో సహా గుంపులు గుంపులు. అరూష నుంచి రెండు గంటల దారి. తరాంగిరే రెండు రాత్రులు, గోరోంగోరో దగ్గరి ఊరు కరాటులో ఒకటి, సెరెంగెటి మధ్యలో సెరొనెరా మూడు. సెరొనెరాలో వలస ఉన్నా లేకపోయినా సింహాలు, చిరుతలు ఉంటాయి.

గోరోంగోరో అంచు 2,300 మీటర్ల ఎత్తు. పొద్దున్నే గజగజ వణికిస్తుంది, అమ్మగారికి మంచి స్వెట్టరు, మంకీ క్యాపు పెట్టండి. సెరెంగెటిలో త్సెత్సె ఈగలు కుడతాయి, ముదురు నీలం, నలుపు బట్టలకి ఎగబడతాయి. ఆ రంగులు ఇంట్లోనే వదిలేయండి.

డల్లాస్_బాబాయ్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ఇక్కడ పిల్లల సెలవులు జూన్ నుంచి ఆగస్టు మధ్య దాకా. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తారు, నైరోబీలో కలుద్దామని. ఏ నెల మంచిది?

నైరోబీ_తెలుగు:
బాబాయ్ గారూ, వలసే ముఖ్యమైతే జులై ఆఖరు నుంచి ఆగస్టు. రద్దీ, రేట్లు రెండూ పైనే ఉంటాయి. ఖర్చు చూసుకుంటే జూన్ ఆఖరి వారాలు. పెద్ద వానలు మేతోనే పోతాయి, గడ్డి ఇంకా పచ్చగా ఉంటుంది, టికెట్టు సగం. మందలు ఇంకా రావు, అంతే తేడా. న్యూయార్క్ నుంచి నైరోబీకి కెన్యా ఎయిర్‌వేస్ నేరుగా ఉంది. మీ నాన్నగారు వాళ్ళు ముంబై నుంచి నేరుగా రావొచ్చు, లేదా హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా మీదుగా. పెద్దవాళ్ళిద్దరే వస్తుంటే వీల్‌చైర్ సాయం బుక్ చేయండి, నడవలేక కాదు, ఆ పెద్ద విమానాశ్రయాల్లో దారి తప్పకుండా.

ఇండియాలో ఉన్నవాళ్ళకి మరో మాట: మన ఎండాకాలం సెలవులు, అంటే ఏప్రిల్ ఆఖరు, మే, ఇక్కడ పెద్ద వానల కాలం. మారా అంతా నల్లరేగడి. మన గుంటూరు, కర్నూలు వాళ్ళకి వానలో రేగడి సంగతి నేను చెప్పాలా? మినీ వ్యాన్లు ఇరుసు దాకా దిగబడిపోతాయి.

పాలకొల్లు_పిల్లగాడు:
బండి గురించి గట్టిగా చెప్పండి గురువుగారూ. వ్యానా, ల్యాండ్ క్రూయిజరా?

నైరోబీ_తెలుగు:
ల్యాండ్ క్రూయిజర్. అక్టోబరులో కూడా మారాలో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. పై కప్పు లేచేది తీసుకుంటే నిలబడి చూడొచ్చు, ఎండ పడదు. ఐదుగురికి ఒక బండి మీ కుటుంబానికే ఉండాలి. తెలియని వాళ్ళతో కలిపే బండిలో బాబు ఏడ్చినా, అమ్మగారు ఆగుదామన్నా ఇబ్బందే. అమ్మగారిని వెనక సీట్లో కూర్చోబెట్టొద్దు, కుదుపులన్నీ అక్కడే. డ్రైవరు వెనక వరస మంచిది.

నైరోబీ నుంచి మారా దాదాపు 270 కిలోమీటర్లు, నరోక్ మీదుగా ఐదారు గంటలు. దానికి బదులు విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో వెళ్తే గంటలోపే దిగుతారు. అమ్మగారి కోసం వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో ఒకవైపైనా విమానం పెట్టుకోండి. మనిషికి 15 కిలోలే, మెత్తటి బ్యాగులే. చక్రాల సూట్‌కేసులు నైరోబీ హోటల్లో వదిలేయొచ్చు.

లెన్సు_పిచ్చి:
ఒక విషయంలో మాత్రం నా మనసు చాలా బాధపడుతుంది, అందరికీ చెప్పాలి. నది దాటే చోట్ల బండ్లు పోటీపడి ఒడ్డు దాకా వెళ్ళిపోతున్నాయి. మంద దిగే దారికే అడ్డం పడితే అవి బెదిరి నిటారుగా ఉన్న గట్టు మీంచి దూకుతాయి, కాళ్ళు విరుగుతాయి, తల్లీ పిల్లా విడిపోతాయి. డ్రైవర్లు ఎందుకలా చేస్తారంటే, వెనకున్న టూరిస్టు 'ఇంకా ముందుకి పోనీ' అంటాడు, టిప్పు అతని చేతిలో ఉంటుంది. మొదటి రోజే మీ గైడుకి చెప్పండి: మాకు దగ్గరగా అక్కర్లేదు, దూరం నుంచి చూస్తాం, రూలు దాటొద్దు అని. ఆ ఒక్క మాటతో అతని మీద ఒత్తిడి పోతుంది. మారాలో పిల్లి జాతి జంతువు చుట్టూ ఐదు బండ్లకి మించకూడదని నియమం. రిజర్వులో రోడ్డు దిగకూడదు. పిల్లలకి బైనాక్యులర్లు కొనండి, 8x42 చాలు, దూరం బాధే ఉండదు.

రద్దీ తక్కువ కావాలంటే మారా నదికి పడమర ఉన్న మారా ట్రయాంగిల్ చూడండి, దాన్ని 2001 నుంచి మారా కన్జర్వెన్సీ వేరేగా నడుపుతోంది. లేదా నబోయిషో, మారా నార్త్ లాంటి కన్జర్వెన్సీలు. అక్కడ భూమి మసాయి అనే స్థానిక తెగ కుటుంబాలది, క్యాంపులు వాళ్ళకి నెలనెలా కౌలు కడతాయి, బండ్ల సంఖ్య పరిమితంగా ఉంటుంది. రాత్రి సఫారీ, నడక కూడా అక్కడే కుదురుతాయి. ఖరీదే, కానీ అడవి పక్కన బతికే వాళ్ళకి ఆ డబ్బు నేరుగా అందుతుంది. నేనైతే రెండు రాత్రులైనా అక్కడ ఉండమంటాను.

గైడు బాగుంటే సగం పని అయినట్టే. ఒకసారి మా గైడు ఉన్నట్టుండి ఇంజను ఆపేశాడు. మాకు ఏమీ కనిపించలేదు. దూరంగా ఇంపాలా జింకలన్నీ మేత మానేసి చెవులు నిక్కబొడుచుకుని ఒకే వైపు చూస్తున్నాయి. అతను బైనాక్యులర్ కూడా ఎత్తకుండా ఆ చూపుల వెంటే బండి పోనిచ్చాడు. అత్తిచెట్టు కొమ్మ మీంచి తోక వేలాడుతోంది, చిరుత! కెన్యాలో గైడ్ల సంఘం పరీక్షలు పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ బ్యాడ్జీలు ఇస్తుంది. బుకింగ్‌లోనే సిల్వర్ గైడు కావాలని అడగండి.

పాలకొల్లు_పిల్లగాడు:
తిండి? మా ఆవిడ శాకాహారి.

నైరోబీ_తెలుగు:
దిగులే లేదు. గుజరాతీలు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు, నైరోబీలో శాకాహార హోటళ్ళకి కొదవ లేదు. చపాతీ ఇక్కడివాళ్ళ రోజువారీ తిండే. ఉగాలీ అని మొక్కజొన్న పిండితో వండుతారు, మన సంకటిలా ముద్ద చేసుకుని ఆకుకూరతో తింటారు, బురుజు గారికి బాగా నచ్చుతుంది. లాడ్జిల్లో పప్పు, అన్నం, కూరలు ముందు చెప్తే చేసిపెడతారు. పచ్చడి, కారప్పొడి తెచ్చుకోండి, కానీ ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్లో కట్టుకుని మాత్రం రాకండి. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి అవి నిషేధం. పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ళ సీసాలు కూడా తేకూడదు. స్టీలు సీసాలు తెచ్చుకోండి.

విశాఖ_డాక్టరమ్మ:
ఆడవాళ్ళ తరఫున ఒకటి. మధ్యలో బాత్రూములు తక్కువ. గైడుకి మొహమాటం లేకుండా చెప్పండి, చుట్టూ చూసి, జంతువులు దాక్కునే పొద లేని చోట బండి ఆపుతాడు. దీనికి భయపడి పెద్దవాళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు, బీపీ మాత్రలు వేసుకునే వాళ్ళకి అది మంచిది కాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో అత్యవసర విమాన తరలింపు ఉందో లేదో చూడండి. నైరోబీలో ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ వాళ్ళ తరలింపు కవర్ కూడా విడిగా దొరుకుతుంది, కొన్ని క్యాంపులు దాన్ని కలిపే ఇస్తాయి.

బురుజు_కర్నూలు:
మీ అందరి మాటా విని ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. పాపకి ఏనుగులంటే ప్రాణం, అందుకే తరాంగిరే మీద చాలాసేపు ఊగిసలాడాం. చివరికి కెన్యానే పెట్టుకున్నాం: నైరోబీ ఒక రాత్రి, అంబోసెలి రెండు, మళ్ళీ నైరోబీ ఒకటి, విల్సన్ నుంచి విమానంలో మారాకి, కన్జర్వెన్సీలో రెండు, రిజర్వు లోపల రెండు, రోడ్డు మీద నైరోబీ. నకురు, నైవాషా తీసేశాం. ఏజెంటు ఫ్లెమింగోలు మిస్సవుతారన్నాడు.

నైరోబీ_తెలుగు:
నకురు సరస్సులో నీటిమట్టం పెరిగి ఫ్లెమింగోలు చాలా వరకు బొగోరియా సరస్సు వైపు వెళ్ళిపోయాయి. మీకు వాటి కోసం అంత దూరం ఎందుకు, చలికాలంలో పులికాట్ వెళ్ళండి. ప్లాను చక్కగా కుదిరింది. అంబోసెలిలో ఏనుగుల కుటుంబాల మీద 1972 నుంచి ఆగకుండా పరిశోధన జరుగుతోంది. బండ్లకి అలవాటుపడ్డ ఏనుగులు, పాప దగ్గరగా చూస్తుంది. కిలిమంజారో పొద్దున్నే మబ్బు లేనప్పుడే కనిపిస్తుంది, ఆరింటికే బయటపడండి.

డల్లాస్_బాబాయ్:
వీసా, డబ్బు సంగతి కూడా ఎవరైనా చెప్తే అందరికీ పనికొస్తుంది.

అరూష_దారి:
కెన్యాకి వీసా బదులు 2024 నుంచి ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి. 30 డాలర్లు, పైన కొద్దిగా చార్జీ. పిల్లలకీ విడివిడిగా చేయాలి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు, విమానం, హోటలు బుకింగ్ కావాలి. ప్రభుత్వ సైటులోనే చేయండి, అదే పేరుతో మూడింతలు వసూలు చేసే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. టాంజానియా ఈ-వీసా మనకి 50 డాలర్లు. కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికీ కలిపి 100 డాలర్ల వీసా ఒకటుంది, అందులో టాంజానియా లేదు. జాంజిబార్ కూడా కలుపుకునే వాళ్ళు అక్కడి తప్పనిసరి ఇన్సూరెన్స్ 44 డాలర్లు లెక్కలో వేసుకోండి.

డాలర్లు కొత్త నోట్లే తీసుకెళ్ళండి, పాతవి, చిరుగులున్నవి తీసుకోరు. గైడుకి బండి మొత్తం తరఫున రోజుకి 10 నుంచి 20 డాలర్లు ఇవ్వడం అలవాటు. ఇండియాలో ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా వసూలు చేసే పన్ను) కోస్తారు, రిటర్న్ వేసేటప్పుడు అది క్లెయిమ్ చేసుకోవచ్చు.

బురుజు_కర్నూలు:
అమ్మ టీకాకి డాక్టరు సరేనన్నారు. సోమవారం అందరం నారాయణగూడ వెళ్తున్నాం. చార్జర్ ప్లగ్గు మనదే పనికొస్తుందా?

నైరోబీ_తెలుగు:
పనికిరాదండీ. ఇక్కడ మూడు చదరపు పిన్నులది, బ్రిటిష్ రకం. కరెంటు 240 వోల్టులే. రెండు అడాప్టర్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చుకోండి. చాలా క్యాంపుల్లో రాత్రి జనరేటర్ ఆపేస్తారు, కెమెరా బ్యాటరీలు భోజనాల వేళకే చార్జింగ్ పెట్టేయండి.